కలియాక్ర ఒడ్డున దుర్ముష్

దుర్ముష్‌కి సముద్రమంటే గిట్టేది కాదు. ఉన్యేలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట పైకి అనరు. నల్లసముద్రం దక్షిణపు ఒడ్డున, కొండకు నిలువునా అతుక్కున్నట్టుండే ఊరది. కింది వీధుల వాళ్ళు చేపలు పడతారు, పై వీధుల వాళ్ళు గొర్రెలు కాస్తారు. దుర్ముష్‌ది పై వీధి. తండ్రి కసాయి. తల్లికి వరసగా ముగ్గురు పిల్లలు దక్కకుండా పోయాక పుట్టాడు కనక ఆ పేరు పెట్టుకుంది. దుర్ముష్ అంటే ‘నిలిచాడు’ అని. మాట తక్కువ మనిషి. చెయ్యి నెమ్మది. గొర్రె తోలు ఒలిచాడంటే ఎక్కడా కత్తిగాటు పడేది కాదు.

రష్యా వాళ్ళతో యుద్ధం మొదలయ్యాక సుల్తాను ఓడలకు మనుషులు చాల్లేదు. ఊరూరా తిరిగి పడుచువాళ్ళను పట్టుకుపోయారు. దుర్ముష్‌నీ తీసుకుపోయారు. తెరచాప కొయ్య ఎక్కమంటే సగం ఎక్కి కళ్ళు మూసుకుని కొయ్యను కావలించుకున్నాడు. దింపడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. గొర్రెల పని తెలుసని విని వంట ఉస్తాదు అతన్ని తన కిందికి తీసుకున్నాడు. యుద్ధపు ఓడల్లో బతికున్న గొర్రెలను వెంట తీసుకుపోతారు. వాటికి మేత వేయడం, అవసరమైనప్పుడు కోయడం అతని పని.

ఆ ఓడకు ఘనమైన పేరేదో ఉండేది గాని, ఖలాసీలు దాన్ని ‘కుంటిది’ అనే పిలిచేవాళ్ళు. ఎంత సరుకు సర్దినా ఎడమ పక్కకు ఒరిగే నడిచేది. అందులోనే కెలేష్ ఉండేవాడు. అతనిదీ ఉన్యేనే, కింది వీధి. కొయ్యలెక్కడంలో ఉడత, వాగడంలో పిచ్చుక. దుర్ముష్ ఓడ అంచు పట్టుకుని కక్కుతుంటే పైనించి తాడు పట్టుకుని జారి వచ్చేవాడు.

“ఒరేయ్, గొర్రెలు కూడా కక్కడం మానేశాయి. నువ్వింకా మానలేదేంట్రా?”

“నోర్ముయ్.”

“మీ నాన్నకి చెప్తానుండు. కొడుకు సముద్రం మీద ఘనకార్యాలు చేస్తున్నాడని.”

అంటూనే నిమ్మకాయ ముక్క అతని చేతిలో పెట్టి పోయేవాడు.

యుద్ధం నాలుగో ఏట, మండువేసవిలో, సుల్తాను ఓడలన్నీ కలియాక్ర కొస పక్కన లంగరు వేశాయి. కలియాక్ర అంటే సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఎర్రరాతి కొండ. దాని మీద పాత కోట గోడలు, ఫిరంగులు. వెనక అంతా దోబ్రుజా మైదానం. చెట్టన్నది కనపడదు, గడ్డి, గోధుమ, గాలి అంతే. ఆ రోజుల్లోనే బక్రీదు వచ్చింది. నెలల తరబడి ఓడల్లో మగ్గినవాళ్ళకు పండుగ నమాజు నేల మీద చేసుకోవచ్చని అనుమతి దొరికింది. ఓడల్లో ఉన్నవాళ్ళెంతమందో ఒడ్డున ఉన్నవాళ్ళూ అంతమంది అన్నట్టయింది.

కుంటిదాని తరఫున ముప్పయ్యో నలభయ్యో గొర్రెలను కాపరుల దగ్గర తీసుకుని, కొండ కింద సన్నగా నీటి ఊట ఉన్నచోట కోత పెట్టారు. దుర్ముష్‌కి చాన్నాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. కాళ్ళ కింద నేల కదలడం లేదు. చేతిలో తండ్రి ఇచ్చిన కత్తి ఉంది. కెలేష్ గొర్రెల కాళ్ళు పట్టుకోవడానికి వచ్చి, పట్టుకోవడం తక్కువ, పాటలు పాడటం ఎక్కువ చేస్తున్నాడు.

మధ్యాహ్నం నమాజు దాటింది. సగం గొర్రెలకు తోలు ఒలవడం అయింది. అప్పుడు పైన కోట మీద ఎవరో అరిచారు. ఆ వెంటనే ఫిరంగి పేలింది.

రష్యా ఓడలు వస్తే నడిసముద్రం వైపు నుంచి వస్తాయని అందరూ అటే చూస్తుండేవాళ్ళు. అవి అటు నుంచి రాలేదు. ఉత్తరపు గాలిని వెనకేసుకుని, కొండకొసను రాసుకుంటూ, కోట ఫిరంగుల కిందనుంచే ఒడ్డుకూ సుల్తాను ఓడలకూ మధ్యలోకి దూరాయి.

తినబోతున్న విస్తరి ముందు నుంచి లేచినట్టు జనం లేచారు. పడవల వైపు ఒకటే పరుగు. కెలేష్ దుర్ముష్ చెయ్యి పట్టి లాక్కుపోయాడు. ఇద్దరూ నడుముల్లోతు నీళ్ళలో నడిచి పడవ ఎక్కారు. పడవ అంచుదాకా మునిగి ఊగుతోంది. సరంగు ఒకసారి చుట్టూ చూశాడు.

“ఇలాగైతే అందరం ఇక్కడే మునుగుతాం! ఫిరంగుల వాళ్ళు, తెరచాపల వాళ్ళు ఉండండి. వంటవాళ్ళు దిగండి! ఊఁ, నువ్వే, కత్తి పట్టుకున్నవాడివి, దిగు!”

“సరంగన్నా, వీడు మా ఊరివాడు...” అన్నాడు కెలేష్.

“అయితే ఉత్తరం రాస్తాడులే. దిగరా!”

దుర్ముష్ దిగాడు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. పడవ తేలికై ముందుకు కదిలింది. కెలేష్ వెనక్కి తిరిగి, “కత్తి కడుక్కోరా, బట్టలన్నీ రక్తం!” అని అరిచాడు. తర్వాత తెడ్డు అందుకుని వంగిపోయాడు.

ఒడ్డున మిగిలినవాళ్ళు కొండదారి పట్టి పైకి ఎక్కారు. దుర్ముష్‌ కూడా ఎక్కాడు. అక్కడినుంచి సముద్రం అరచేతిలో ఉన్నట్టు కనపడింది. సుల్తాను ఓడలు లంగర్లు ఎత్తే వ్యవధి లేక మోకులు నరికేశాయి. గొడ్డళ్ళు లేవడం, పడటం చీమల ఆటలా కనిపిస్తోంది. గాలికి ఓడలన్నీ ఒకదాని మీదికి ఒకటి తోసుకుంటూ కదిలాయి. ఎడమ పక్కకు ఒరిగి వెళ్తున్న తన ఓడను గుర్తు పట్టాడు. దాని ముందు వెళ్తున్న రెండు పెద్ద ఓడలు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఒకదాని వెనక కొయ్య విరిగి, తెరచాపతో సహా రెండోదాని మీద పడింది. కుంటిది నేరుగా వెళ్ళి వాటిని గుద్దుకోవాల్సిందే. ఆఖరి క్షణంలో మొత్తం ఓడ పక్కకు ఒరిగి, వరస విడిచి బయటికి తిరిగింది. ముందు తెరచాప తెగి వేలాడింది. ఆ తర్వాత పొగ కమ్మేసింది. పొగలో ఎర్రగా మెరుపులు, ఆ మెరుపులు ఆరాక కొంతసేపటికి శబ్దాలు. అలా దక్షిణానికి జరుగుతూ జరుగుతూ, పొద్దు వాలేసరికి దూరంగా కల్లంలో ధాన్యం కొడుతున్న చప్పుడంత అయిపోయింది.

ఓడ పక్కకు తిరిగినప్పుడు తన గుండె తేలికపడటం దుర్ముష్‌కి తెలుస్తూనే ఉంది. నేను అందులో లేను, అనుకున్నాడు. ఆ వెంటనే కెలేష్ ఉన్నాడు కదా అనిపించి తలొంచుకున్నాడు. చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది.

కిందికి దిగి వచ్చేసరికి ఊట దగ్గర ఎద్దుబండి ఒకటి ఆగి ఉంది. బండిలో పెద్ద రాగి డేగిసా, పిడకల బస్తా. పక్కన నడుముకు చేతులు ఆనించుకుని ఒక ముసలావిడ. పై ఊరి ఎస్మా. ఆవిడ వెనక ముసుగు సవరించుకుంటూ కోడలు జెలిహా.

“ఈ గొర్రెలెవరివి నాయనా?”

“ఓడవి అవ్వా.”

“ఓడేదీ?”

దుర్ముష్ దక్షిణం వైపు చెయ్యి చూపించాడు.

“ఓడ పోయింది, గొర్రెలున్నాయి. ఎండ చూశావా? ఇంకాసేపుంటే ఈగలకి పండగ. దేవుడి పేర కోసిన మాంసం పాడు చేస్తే పాపం మీ సుల్తానుకి చుట్టుకోదు, నీకే చుట్టుకుంటుంది. లే, కొవ్వు వేరు చెయ్యి.”

ఆ మాటతో అతని చేతులకు పని దొరికింది. కొవ్వు కరిగించి, మాంసం ముక్కలుగా కోసి, ఉప్పు వేసి, ఆ కొవ్వులోనే నీరంతా ఇంకేదాకా వేయించి జాడీల్లో నింపితే చలికాలం దాకా నిలుస్తుంది. ఒడ్డున మిగిలిన ఖలాసీలు తలో చెయ్యి వేశారు. ఒక భాగం వాళ్ళే తిన్నారు. మిగిలింది చుట్టుపక్కల ఊళ్ళలో పేదవాళ్ళకు పంచారు. ముసల్మాను ఇళ్ళకూ, క్రైస్తవుల ఇళ్ళకూ కూడా. ఎస్మా ఇంటి దొడ్లో ఆ పని మర్నాడూ సాగింది.

పొయ్యి దగ్గర కూర్చుని దుర్ముష్ ఒక్కసారి నోరు తెరిచాడు.

“నన్ను దింపేశారు అవ్వా. వాళ్ళు వెళ్ళారు, నన్ను దిగమన్నారు.”

ఎస్మా గరిటె ఆపలేదు. “నా కొడుకు పోయిన చలికాలం ఇజ్మాయిల్ కోటలో ఉన్నాడు. వాడినెవరూ ‘నువ్వు దిగరా’ అనలేదు. అన్నవాడుంటే నేను వాడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తాగేదాన్ని. నిన్ను దింపినవాడి కోసం దువా చేసుకో. ఆ పొయ్యి మంట తగ్గించు, అడుగంటుతోంది.”

జెలిహా అటు తిరిగి పిడకలు విరుస్తూ ఉండిపోయింది. ఇజ్మాయిల్లో పోయినవాడు ఆమె మొగుడు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. ఓడలు చెల్లాచెదరై, చిల్లులు పడి, ఎలాగో రాజధాని చేరాయట. వాటిలో కుంటిది ఉందో లేదో కబురు తెచ్చినవాడికి తెలియదు. ఇంకో మాట కూడా చెప్పాడు. దన్యూబు ఒడ్డున రెండు పక్షాల దొరలు యుద్ధం ఆపుదామని ఒప్పందం చేసుకున్నారు. అది సరిగ్గా ఆ పోరు జరిగిన రోజేనట.

“ఆ దొరల కాళ్ళు విరగ! ఒక్క రోజు ముందు చేసుకోలేకపోయారూ ఆ ఒప్పందం!” అంది ఎస్మా.

ఒడ్డున మిగిలినవాళ్ళలో చాలామందిని వర్నా కోటకు నడిపించుకుపోయారు. దుర్ముష్‌కి అప్పుడు చలిజ్వరం. నడవలేడని వదిలేశారు. మళ్ళీ ఎవరూ అడగలేదు. జ్వరం తగ్గాక ఎస్మా గొర్రెలను తోలుకుని మైదానంలోకి వెళ్ళాడు. ఆ చలికాలం ఉన్యే వెళ్ళలేదు, ఆ వసంతం వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళాలంటే సముద్రం మీద వెళ్ళాలి. ఎవరైనా అటువైపు పోతుంటే తల్లికి మాట చెప్పి పంపేవాడు. ఆ మాటలు చేరాయో లేదో తెలిసేది కాదు.

పై ఏడు ఉన్ని కత్తిరింపులప్పుడు ఎస్మా అతన్ని పిలిచి, తిన్నగా చెప్పింది.

“జెలిహాకి నువ్వంటే ఇష్టంలానే ఉంది. నీకూ ఉంది, నాకు కళ్ళున్నాయి. నా కోడలు ఇంకో ఇంటికి పోతే నేనొక్కదాన్నే అయిపోతాను. నువ్వే ఈ ఇంటికొస్తే నాకు కొడుకు దొరుకుతాడు. సిగ్గుపడకుండా ఔననో కాదనో చెప్పు.”

“ఔను,” అన్నాడు దుర్ముష్. అంతకంటే పెద్ద మాట ఆ రోజంతా అనలేదు.

చలికాలంలో ఊరి మగవాళ్ళందరూ చేరే గదిలో, దారినపోయే అతిథులు అతన్ని చూసి అడిగేవాళ్ళు. “నువ్వు ఆ పెద్ద పోరులో ఉన్నావటగా?”

“లేనండి. గొర్రె తోలు ఒలుస్తున్నాను.”

గదంతా నవ్వులు. తిరగలివాడు రెజెబ్‌కి అదొక వేడుక. “పేరే నిలిచాడని కదా, ఉన్నచోటే నిలిచిపోయాడు మా శూరుడు!” అనేవాడు. దుర్ముష్ నవ్వి ఊరుకునేవాడు గాని, ఆ పూట ముద్ద మింగుడుపడేది కాదు. ఒకరోజు గోధుమలు పట్టించడానికి వెళ్ళిన జెలిహా చెవిన ఈ మాట పడింది.

“రెజెబ్ మామా, నువ్వు ఏ పోరుకి వెళ్ళొచ్చావు?”

“నాకు నడుం నొప్పి కదమ్మా...”

“అలాగా. మావాడికి నడుం బానే ఉంది. వచ్చే ఏడు నీ గొర్రెలకి ఉన్ని నువ్వే కత్తిరించుకో మరి.”

ఆ తర్వాత రెజెబ్ ఆ ఊసెత్తలేదు.

ఏటా బక్రీదుకు దుర్ముష్ ఇంటి తరఫున ఒక గొర్రె, కెలేష్ పేర ఒక గొర్రె కోసేవాడు. కెలేష్ చచ్చిపోయాడనే అనుకున్నాడు. కూతురు పెంబే పుట్టి, మాటలు నేర్చి, “కెలేష్ ఎవరు నాన్నా?” అని అడిగే వయసొచ్చాక కూడా అది మానలేదు.

పదేళ్ళు గడిచాయి. శరత్కాలంలో గోధుమలు ఎత్తుకుపోవడానికి పడవలు దగ్గర్లోని కవర్నా రేవుకు వస్తాయి. దుర్ముష్ జున్ను అమ్ముకోవడానికి బండి కట్టుకుని వెళ్ళాడు. రేవులో ఎవరో బస్తాలు మోసేవాళ్ళను తిడుతున్నాడు. తిట్టు తిట్టుకూ ఉన్యే యాస. దుర్ముష్ బండి దిగి దగ్గరికి వెళ్ళాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. గడ్డం నెరిసింది. తల ఒక పక్కకు వంచి, ఒక చెవితోనే వింటున్నాడు.

“కెలేష్?”

అతను తిరిగి చూసి, చాలాసేపు చూసి, దుర్ముష్ రెండు చెంపలూ పట్టుకున్నాడు.

“ఒరేయ్ కసాయోడా! ఒడ్డున మిగిలినవాళ్ళని సైన్యంలో కలిపేశారన్నారు కదరా! చచ్చావనుకున్నాను!”

“నేనూ అలాగే అనుకున్నాను. ఏటా నీ పేర గొర్రె కోస్తున్నాను.”

“ఏటా? పది గొర్రెలా?” కెలేష్ నడిరేవులో కూర్చుండిపోయి నవ్వాడు. “అందుకేరా నేను చావట్లేదు! ఆపకు, ఆపకు!”

గాలి ఎదురుగా ఉంది, పడవ కదలదు. మర్నాడు ఇద్దరూ కలియాక్ర కొండ మీదికి వెళ్ళి కూర్చున్నారు. జెలిహా రొట్టె, జున్ను మూట కట్టి ఇచ్చింది. కెలేష్ సముద్రం వంక చూస్తూ అడిగాడు.

“ఆ రోజు ఏం జరిగిందిరా?”

“నన్నడుగుతావేంటి? లోపల ఉన్నది నువ్వు.”

“లోపల ఏం కనపడుతుందిరా? పొగ. ముందున్నవాడి మడమలు. పైన కొయ్య మీద ఉన్నాను, ఓడ ఉన్నపళంగా పక్కకి తిరిగింది. తెర తెగి మీద పడింది. ఈ వేళ్ళు అక్కడే పోయాయి. తర్వాత నీళ్ళు తోడటం, రాజధాని చేరేదాకా తోడటం. నేను చూసిన పోరు అంతే. నువ్వు పైనుంచి చూశావుగా, చెప్పు.”

దుర్ముష్ చెప్పాడు. వేలితో చూపిస్తూ, ఏ ఓడ ఎక్కడ ఉందో రాళ్ళు పేర్చి చూపిస్తూ చెప్పాడు. రెండు ఓడలు తగులుకున్న సంగతి దగ్గరికి వచ్చేసరికి కెలేష్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఆగు. మా ముందు రెండు ఓడలు చిక్కుకున్నాయా?”

“కొయ్య విరిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీరు తిరక్కపోతే మూడోది మీదే.”

కెలేష్ వంగి, మూడో రాయిని వేలితో పక్కకు జరిపి చూశాడు.

“మేమంతా మా హలీమ్ కప్తాను భయపడి పారిపోయాడనుకున్నాం. అందుకే వరస విడిచాడనుకున్నాం. ఆయన ఉద్యోగం పోయింది. కాఫీ కొట్లో కూర్చుని పదేళ్ళుగా ఆ ముసలాయన్ని పిరికిపంద అని తిడుతున్నాను నేను. నా వేళ్ళు చూపించి మరీ తిడుతున్నాను.” చేతిలో రొట్టెముక్క పక్కన పెట్టేశాడు. “ఆయన సినోప్‌లో ఉన్నాడు. ఉన్యే వెళ్ళే దారిలోనే. నువ్వు రావాలిరా. నేను చెప్తే సరిపోదు, చూసినవాడివి నువ్వు.”

“నేను పడవెక్కను.”

“మీ అమ్మ బతికే ఉంది. నువ్వు ఉన్నావని ఎవడో బాటసారి చెప్పాడట. ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదు, ఆవిడ నమ్మింది. ఇంకా నీ పరుపు ఎండలో వేస్తోంది.”

ఇంటికి వచ్చి దుర్ముష్ ఏమీ చెప్పకుండా గొర్రెలకు మేత వేశాడు. కెలేష్ చెప్పేశాడు. అప్పటికి మంచం పట్టి ఉన్న ఎస్మా దుప్పటి లోంచే అరిచింది. “వెళ్ళరా! నా కొడుకు అలా బతికుండి కూడా రాకపోతే నేనేమయ్యేదాన్ని?” జెలిహా మాత్రం ఒకటే అడిగింది. “చలికాలం పడితే పడవలు ఒడ్డెక్కేస్తాయి. వసంతం దాకా రాలేవు. గొర్రెల ఈనికలకి వస్తావా?”

“వస్తాను.”

పడవ కలియాక్ర కింద నుంచి వెళ్ళింది. దుర్ముష్ చూడలేదు. పడవ అంచు పట్టుకుని తల కిందికి వాల్చి కక్కుతున్నాడు. కెలేష్ అతని నడుం పట్టుకుని, “నువ్వు మారలేదురా, దేవుడికి వెయ్యి దండాలు,” అన్నాడు.

సినోప్‌లో హలీమ్ కప్తాను కోటగోడ పక్కన చిన్న ఇంట్లో ఉన్నాడు. బక్కపలచటి ముసలాయన. వల బాగుచేసుకుంటున్నాడు. కెలేష్ గడప దగ్గరే తలొంచుకుని నిలబడ్డాడు. దుర్ముష్ కొండ మీంచి తను చూసింది, పెంచకుండా దాచకుండా చెప్పాడు. కప్తాను వల మీద చేతులు ఆపి విన్నాడు.

“ఆ సంగతి నాకు తెలుసు బాబూ,” అన్నాడు చివరికి. “ఇంకొకరికి తెలుసని తెలీదు.” వల పక్కన పెట్టి, “నువ్వెక్కడున్నావు అప్పుడు?” అని అడిగాడు.

“గొర్రె తోలు ఒలుస్తున్నాను కప్తాన్. నేను మీ ఓడ కసాయినే.”

“ఆఁ! ఆ పండక్కి మాంసం వస్తుందని నేనూ ఎదురుచూశాను.” ముసలాయన మొదటిసారి నవ్వాడు. కెలేష్ వెళ్ళి ఆయన చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ఏ తప్పుకి క్షమాపణో ఆయన అడగలేదు, కెలేష్ చెప్పలేకపోయాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ చేపలు కాల్చుకుని తిన్నారు. అప్పటినుంచి పడవ సినోప్‌లో ఆగినప్పుడల్లా కెలేష్ ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండేవాడు కాదు. కాఫీ కొట్లలో కూడా కథ మార్చి చెప్పేవాడు. పాత కథే బావుందని కొందరు విసుక్కునేవాళ్ళట.

ఉన్యేలో తల్లి వాకిట్లో పరుపు దులుపుతోంది. కొడుకును చూసి ఏడవలేదు. దగ్గరికి లాక్కుని వాసన చూసింది. “గొర్రెల వాసనే. సముద్రం వాసన లేదు. బావుంది,” అంది. చలికాలమంతా అతను ఆమెకు కట్టెలు కొట్టి పెట్టాడు, ఈలోపు పోయిన తండ్రి సమాధి చుట్టూ రాళ్ళు సర్దాడు. మనవరాలి గురించి రోజుకు పదిసార్లు చెప్పించుకునేది.

వసంతంలో ఖిజర్ పండుగకు పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. తల్లి రానంది. “నా మట్టి ఇక్కడే. నువ్వు పో, అక్కడ నీ కోసం చూస్తుంటారు,” అంటూ పెంబేకి ఉన్ని మేజోళ్ళు అల్లి ఇచ్చింది.

దుర్ముష్ కవర్నాలో దిగి మైదానం దారిన నడిచి వచ్చేసరికి గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది. ఎస్మా చలికాలంలో పోయిందని ఊరి మొదట్లోనే ఎవరో చెప్పారు. దొడ్డి దగ్గర జెలిహా చేతులు మోచేతుల దాకా తడిసి, ఒక తల్లిగొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

“ఈనికలకి వస్తానన్నావు. సగం అయిపోయాయి.”

“గాలి లేదు.”

“మాటలు తర్వాత. కడుపులో పిల్ల అడ్డం తిరిగింది, ఇలా రా.”

అతను మూట గట్టున పడేసి, చేతులు కడుక్కుని, ఆమె పక్కన కూర్చున్నాడు.